స్టీరింగ్ సీదా, బండి వంకర

నా పేరు మల్లేశం. ముప్పై నాలుగేళ్లు బండ్ల కింద పడుకుని పని చేశాను. హైదరాబాద్ పాతబస్తీలో, నయాపూల్‌కు నడిచి వెళ్లేంత దూరంలో, ఒక ప్రభుత్వ శాఖ లారీలూ ట్యాంకర్లూ బాగుచేసే వర్క్‌షాపు అది. ఏ శాఖ అన్నది రాయను. ఫిట్టర్‌గా చేరి ఫోర్‌మన్‌గా రిటైరయ్యాను. మధ్యలో ఏ మెట్టు ఎప్పుడు ఎక్కానో చెప్పుకునేంత విశేషం ఏమీ లేదు.

ఐటీఐ చేసి ఈ పనిలోకి వస్తున్నవాళ్లు అప్పుడప్పుడు ఇంటికి వచ్చి, "అన్నా, నీ అనుభవం చెప్పరాదే" అంటారు. అనుభవం అంటే నేను బాగుచేసిన బండ్ల కథలు అనుకుంటారు. అవి కూడా ఉన్నాయి, కానీ వాటివల్ల నాకు వచ్చిన బుద్ధి తక్కువ. నేను ఒక కొత్త ట్యాంకర్ స్టీరింగ్ సరిచేశాను. ఇరవై నిమిషాల పని. చెప్పవలసింది ఏదైనా ఉంటే అదే.

కింద చూడు

నా పని బండి ముందు భాగం. ముందు యాక్సిల్, దాని మీద బరువు మోసే స్ప్రింగు పట్టీల కమాన్ కట్టలు, స్టీరింగ్ పెట్టె, అక్కడినుంచి చక్రాలకు వెళ్లే రాడ్లు. ఇంజను పనివాళ్లకు పేరు వస్తుంది. ఆగిపోయిన బండి మళ్లీ మోగితే పది మంది చూస్తారు. ముందు భాగం పని బాగా చేస్తే ఎవరికీ ఏమీ తెలియదు. బండి డ్రైవర్ చెప్పిన చోటికి పోతుంది, అంతే.

ఈ పని నాకు నేర్పినవాడు ఉస్మాన్ ఉస్తాద్. శాలిబండలో ఉండేవాడు. ఇప్పుడు లేడు. స్టీరింగ్ ఒరిగి ఉందని ఏ డ్రైవర్ వచ్చి చెప్పినా ఆయన క్యాబిన్ ఎక్కేవాడు కాదు. గోనెసంచి పరిచి, చేతిలో టేపు పట్టుకుని బండి కిందికి జరిగేవాడు. నేను చేరిన కొత్తలో ఒకసారి తెలివి చూపిద్దామని క్యాబిన్ ఎక్కి స్టీరింగ్ నట్టు విప్పుతుంటే తలుపు దగ్గరికి వచ్చాడు.

"ఏం జేస్తున్నవ్ రా?"

"సీదా పెడ్తున్న ఉస్తాద్."

"గడియారం ముల్లు జరిపితే పొద్దు గూకుతదా? దిగు. పహలే నీచే దేఖ్."

ముందు కింద చూడు. ఆయన ఎప్పుడూ చెప్పింది ఆ ఒక్క మాటే. బండి తిన్నగా పోతున్నప్పుడు స్టీరింగ్ ఒక పక్కకు ఒరిగి ఉందంటే ఎక్కువగా రెండు కారణాలు. ఒకటి, రాడ్డు పొడవు కుదరలేదు. అది చిన్న విషయం, రాడ్డు తిప్పి పొడవు సరిచేయవచ్చు. రెండోది, యాక్సిలే తన చోటు నుంచి జరిగింది. అప్పుడు బండి ఒక పక్కకు పోదామని చూస్తుంది, డ్రైవర్ తనకు తెలియకుండానే స్టీరింగ్‌ను రెండో పక్కకు తిప్పి పట్టుకుని దాన్ని దారిలో ఉంచుతాడు. ఏ కారణమో తెలియాలంటే ముందు యాక్సిల్‌కూ వెనక యాక్సిల్‌కూ మధ్య దూరం రెండు పక్కలా కొలవాలి. బోల్టులన్నీ చేత్తో పట్టి చూడాలి. బండిని, కింద నిలబడి పనిచేసే గుంత మీద పెట్టి చేస్తే ఒక దినం పడుతుంది.

ఇవేవీ చూడకుండా స్టీరింగ్‌ను పుల్లర్ అనే పనిముట్టుతో ఊడదీసి, లోపలి పళ్లు రెండు జరిపి, మళ్లీ కూర్చోబెట్టవచ్చు. చూడడానికి సీదాగా ఉంటుంది. కారణం కింద అట్లాగే ఉంటుంది. ఇంతకుముందు ఒరిగి ఉన్న స్టీరింగ్ చక్రమన్నా దాన్ని డ్రైవర్‌కు చూపించేది, ఇక అదీ ఉండదు.

ఇది నాకు తెలియక చేశానని ఎవరూ అనుకోవద్దు. నా దగ్గర పని నేర్చుకున్న ప్రతివాడికీ ఇదే మొదటిరోజు చెప్పేవాణ్ణి.

ఐదు కొత్త ట్యాంకర్లు

ఒక ఎండాకాలం మొదట్లో మా శాఖకు ఐదు కొత్త నీళ్ల ట్యాంకర్లు వచ్చాయి. ఫ్యాక్టరీ నుంచి ఉత్త ఛాసిస్ వస్తే, బయట ఒక షెడ్డులో ట్యాంకులు కూర్చోబెట్టి పంపారు. మూడో ట్యాంకర్ దేవదానం చేతికి ఇచ్చారు. దేవదానం మా శాఖలో ఇరవై ఏళ్లుగా డ్రైవర్. చాదర్‌ఘాట్ దగ్గర ఉండేవాడు. నా ఈడువాడే. గట్టిగా మాట్లాడడం తెలియని మనిషి. బండి ఎక్కేముందు ఒకసారి చుట్టూ తిరిగి ప్రతి టైరునూ కాలితో తన్ని చూసేవాడు. ఆయన బండికి గీత పడడం నేను చూడలేదు.

బండి తీసుకున్న రోజే, సాయంత్రం నాలుగింటికి, నా దగ్గరికి వచ్చాడు.

"మల్లేశన్నా, స్టీరింగ్ కుడి దిక్కు ఒరిగి ఉన్నది. బండి సీదా పోవాల్నంటే రెండు వేళ్లంత కుడికి తిప్పి పట్టుకోవాలె."

"కొత్త బండి గదనే."

"కొత్తదే. గందుకే అడుగుతున్న. కొత్త బండికి గిట్లెందుకుంటది?"

మంచి ప్రశ్న. రేపు గుంత మీద పెడతానని చెప్పాను. ఆ మాట ఇంకా నోట్లో ఉండగానే మా ఇంజనీరు రాంచందర్ సారు వచ్చాడు.

రాంచందర్ సారు చెడ్డవాడు కాదు. నా భార్యకు ఆపరేషన్ అయినప్పుడు అడగకముందే సెలవు ఇచ్చి, ఆసుపత్రికి వచ్చి చూసిపోయిన మనిషి. ఇది ఎందుకు రాస్తున్నానంటే, చెడ్డ పై అధికారి ఉంటే ఎదురు తిరగడం తేలిక. మంచివాడు బతిమాలినట్టు అడిగితే కాదనడం చాలా కష్టం. ఈ ఉద్యోగంలోకి వచ్చేవాళ్లు ముందే ఎరిగి ఉండవలసిన సంగతి ఇది.

"మల్లేశం, రేపు పదింటికి పెద్దాయన వచ్చి జెండా ఊపుతడు. మూడో బండి ఎక్కి స్టీరింగ్ పట్టుకొని ఫొటో దిగుతడట. స్టీరింగ్ వంకరగ ఉన్నదంటున్నరు, ఏంది కథ?"

"కింద చూడాలె సార్. ఒక దినం పడ్తది."

"దినం ఏడికెల్లి తేవాలె? ఐదు బండ్లని పేపర్ల అచ్చయింది. నాలుగే నిలబడితే నా గతేంది?" తర్వాత గొంతు తగ్గించాడు. "చక్రం సీదా కనబడితే చాలు. ఫంక్షన్ అయిపోనీ, తర్వాత వారం పెట్టుకో. ఎందుకని నేనడగ."

నేను క్యాబిన్ ఎక్కాను. నట్టు విప్పి, పుల్లర్ బిగించి, స్టీరింగ్ ఊడదీసి, రెండు పళ్లు జరిపి పెట్టాను. దేవదానం తలుపు పట్టుకుని కింద నిలబడి చూస్తున్నాడు.

"కింద చూడవా అన్నా?"

"ఫంక్షన్ కానీ. చూస్తా."

డ్రైవర్ల ఫిర్యాదులు రాసే రిజిస్టర్ ఒకటి ఉంటుంది. అందులో రాస్తే బండి ఆపాలి. అందుకని రాయలేదు.

బండే సీదా లేదు

మరునాడు జెండా ఊపారు. ఫొటో దిగారు. స్టీరింగ్ చాలా సీదాగా ఉంది.

ఆ ఎండాకాలం నీళ్లకు ఎట్లా తన్నుకున్నారో పాతబస్తీలో ఉన్నవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఒక్కో ట్యాంకర్ దినానికి ఆరేడు ట్రిప్పులు కొట్టేది. ట్యాంకర్ గల్లీలోకి వచ్చేముందే బిందెలు వరుస కట్టి ఉండేవి. వారం రోజులకు దేవదానం మళ్లీ వచ్చాడు.

"చక్రం సీదానే ఉన్నది అన్నా. బండే సీదా లేదు. బ్రేకు కొడితే ఎడమ దిక్కు గుంజుతున్నది."

"టైర్ల గాలి సమానంగ ఉన్నదా చూడు."

"చూసిన. సమానంగనే ఉన్నది."

"కొత్త బండి, చెయ్యి అలవాటు కావాలె. ఫికర్ చెయ్యకు."

ఇరవై ఏళ్లు బండి నడిపినవాడికి చెయ్యి అలవాటు కావాలని చెప్పాను. ఆయన వెళ్లి టైర్లను మళ్లీ కాలితో తన్ని చూసి బండి ఎక్కాడు.

ఇంకో పది రోజులకు వచ్చి, "స్టీరింగ్ మళ్లా కుడికి ఒరుగుతున్నదన్నా, జరంత" అన్నాడు.  రాడ్డు పొడవు తనంతట తాను మారదు. నేను సీదా పెట్టిన చక్రం మళ్లీ ఒరుగుతోందంటే కింద యాక్సిల్ ఇంకా జరుగుతోందని అర్థం. ఉస్మాన్ ఉస్తాద్ ఉండి ఉంటే అక్కడికక్కడే తాళంచెవి గుంజుకునేవాడు. నేను, "ఆదివారం తే, గుంత మీద పెడ్తా" అన్నాను. అప్పటికి అది గురువారం.

శనివారం రాంచందర్ సారు పిలిచాడు. ఒక గల్లీకి నాలుగు రోజుల నుంచి నీళ్లు లేవని ఆడవాళ్లు బిందెలు పెట్టి రోడ్డు మీద కూర్చున్నారు, పెద్ద లొల్లి అయింది, ఆదివారం కూడా ఐదు బండ్లూ తిరగాలి అన్నాడు. నేను ఒక్కసారి, "మూడో బండి చూడాల్సి ఉండె సార్" అన్నాను. "వచ్చే ఆదివారం చూడు" అన్నాడు. సరేనన్నాను.

నీళ్ల మాట నిజం. ఆ బండి ఆపితే ఏదో ఒక గల్లీకి ఆ రోజు నీళ్లు ఉండేవి కావు. ఇన్నేళ్లలో నాకు నేను ఈ మాట ఎన్నిసార్లు చెప్పుకున్నానో లెక్క లేదు. చెప్పుకున్న ప్రతిసారీ అది నిజంగానే ఉంటుంది, నాకు ఏ పనికీ రాదు.

పత్తర్‌గట్టి

మంగళవారం పొద్దున ఎనిమిదిన్నరకు ఫోన్ వచ్చింది. నిండు ట్యాంకర్‌తో నయాపూల్ దాటి పత్తర్‌గట్టి వైపు వస్తుంటే ముందు ఒక ఆటో ఉన్నట్టుండి ఆగింది. దేవదానం బ్రేకు కొట్టాడు. ట్యాంకర్ ఎడమకు తిరిగి ఫుట్‌పాత్ ఎక్కింది. అక్కడ దుకాణాల ముందు చిన్న పెట్టె పెట్టుకుని తాళంచెవులు చేసే సత్తార్ మియా అప్పుడే వచ్చి పెట్టె తెరుస్తున్నాడు.

సత్తార్ మియా నాకు తెలుసు. మా వర్క్‌షాపు తాళాలు చెడిపోతే ఆయన దగ్గరికే తీసుకుపోయేవాళ్లం. చెవి దగ్గర పెట్టుకుని తాళం కదిలించి వినేవాడు. రెండు దినాలు ఆసుపత్రిలో ఉండి చనిపోయాడు.

క్రేన్‌తో పాటు నేనూ వెళ్లాను. బండి ముందు భాగం దుకాణం స్తంభానికి ఆనుకుని ఉంది. ట్యాంకు పగిలి రోడ్డంతా నీళ్లు పారుతున్నాయి. జనం దేవదానాన్ని కొట్టారు. పోలీసులు వచ్చి విడిపించి ఒక దుకాణం మెట్ల మీద కూర్చోబెట్టారు. అంగీ చినిగి ఉంది. నన్ను చూసి లేవబోయి లేవలేకపోయాడు.

"బ్రేకు కొట్టిన అన్నా. కొట్టిన. కొట్టిన."

 నువ్వు కింద చూడలేదు అని ఒక్క మాట అని ఉంటే, ఆ జనం ముందు, నేను బహుశా ఒప్పుకునేవాణ్ణేమో. ఏమో. ఇప్పుడు ఎట్లా అనుకున్నా ఏం లాభం.

విరిగిన బోల్టు

అధికారులు వచ్చి బండిని పరీక్ష చేశారు. బ్రేకులు బాగున్నాయి, బండి కొత్తది, ముందు యాక్సిల్ ఎడమ పక్క వెనక్కి జరిగింది స్తంభానికి కొట్టుకోవడం వల్ల అని రాశారు. చూసినవాళ్లకు అట్లాగే కనిపిస్తుంది. బండిని మా వర్క్‌షాపుకు తెచ్చి వదిలారు. ముందు భాగం విప్పే పని నాది.

కమాన్ పట్టీలన్నిటినీ కలిపి పట్టి ఉంచే బోల్టు ఒకటి ఉంటుంది, సెంటర్ బోల్టు అంటాం. దాని తల యాక్సిల్ మీది రంధ్రంలో కూర్చుంటుంది. యాక్సిల్ జరగకుండా దాన్ని చోటులో నిలిపేది అదే. దాని మీద యు ఆకారం బోల్టులు బిగించి ఉంటాయి. కొత్త బండికి మొదటి లోడు పడ్డాక ఆ యు-బోల్టులు మళ్లీ ఒకసారి బిగించాలి, ఎందుకంటే కొత్త పట్టీలు బరువుకు సర్దుకుని బోల్టులు వదులవుతాయి. అది కూడా మా పనే. ఐదు బండ్లూ జెండా ఊపినరోజు నుంచి తిరుగుతూనే ఉన్నాయి. మొదటి సర్వీసుకు ఒక్కటీ రాలేదు.

ఎడమ పక్క విప్పితే సెంటర్ బోల్టు రెండు ముక్కలై చేతిలోకి వచ్చింది. అప్పుడే విరిగిన ఇనుము తెల్లగా మెరుస్తుంది. ఈ బోల్టు విరిగిన ముఖం సగమే మెరుస్తోంది. మిగతా సగం తుప్పు పట్టి ఎర్రగా ఉంది. అంటే సగం ఎప్పుడో విరిగింది. దేవదానం మొదటిరోజు నా దగ్గరికి వచ్చినప్పటికే విరిగి ఉంటుంది. మిగిలిన సగం మీద ఇన్ని దినాలు, ఇన్ని ట్రిప్పులు, బండి నడిచింది. నేను ఆ రోజు కింద పడుకుని చూసి ఉంటే యు-బోల్టు వదులుగా ఉండడం చేతికే తెలిసేది.

రెండు ముక్కలూ గుడ్డలో చుట్టి రాంచందర్ సారు గదికి తీసుకుపోయి బల్ల మీద పెట్టాను. ఆయనకు కూడా పని తెలుసు. చూడగానే అర్థమైంది. 

"నాకు ఇద్దరు పిల్లలు మల్లేశం. నీకు ఇద్దరు."

"దేవదానంకు ఒక్కతే బిడ్డ సార్."

"ఆయనకు యూనియన్ ఉన్నది. చూస్కుంటరు." బోల్టును చేత్తో తాకకుండా, పెన్నుతో నా వైపు జరిపాడు. "నేనేం చూడలే."

పారేయమని ఆయన అనలేదు. ఆ మాట ఆయన నోట్లో పెట్టాలని నేను ఎన్నో ఏళ్లు ప్రయత్నించాను. అనలేదు. గుడ్డ తీసుకుని బయటికి వచ్చి, వర్క్‌షాపు మూలన తుక్కు వేసే డ్రమ్ములో నా చేతులతో నేనే వేశాను. రెండు ముక్కలూ విడివిడిగా, లోతుకు. రెండు వారాలకు తుక్కు లారీ వచ్చి ఎత్తుకుపోయింది. ఆ లారీ గేటు దాటేదాకా నేను అక్కడే నిలబడ్డాను.

విచారణ

శాఖ విచారణ ఒక చిన్న గదిలో జరిగింది. పెద్ద ఆఫీసు నుంచి వచ్చిన అధికారి, రాసుకునే గుమాస్తా, దేవదానం, నేను.

"స్టీరింగ్ గురించి డ్రైవర్ కంప్లైంట్ చేశాడా?" అని అధికారి నన్ను అడిగాడు.

"రిజిస్టర్ల లేదు సార్."

"మల్లేశన్నకు చెప్పిన సార్" అన్నాడు దేవదానం. "మూడుసార్లు చెప్పిన. ఆయనకు ఎరుకే."

అధికారి నా వైపు చూశాడు. నేను గుమాస్తా చేతిలోని పెన్ను చూస్తూ అన్నాను. "డ్రైవర్లు దినాం ఏదో ఒకటి చెప్తనే ఉంటరు సార్. నాకు యాదికి లేదు."

పెన్ను కదిలింది. అయిపోయింది. దేవదానం నా వైపు తిరిగి చూశాడు. కోపంగా చూసి ఉంటే మరిచిపోయేవాణ్ణేమో. తాను ఏదైనా పొరపాటు పడ్డాడా, నిజంగా చెప్పాడా లేదా అని తనను తానే అడుగుతున్నట్టు చూశాడు.

నయాపూల్ దగ్గరి కోర్టులో కేసు ఏళ్లకేళ్లు నడిచింది. నిర్లక్ష్యంగా నడిపాడని శిక్ష పడింది. ఎనిమిది నెలలు లోపల ఉన్నాడు. శిక్ష పడగానే శాఖ ఉద్యోగం తీసేసింది. యూనియన్‌వాళ్లు ఒకరోజు గేటు ముందు నినాదాలు ఇచ్చి టీ తాగి వెళ్లిపోయారు. రాంచందర్ సారు వేరే ఊరికి బదిలీ అయి, అక్కడే రిటైరై, రెండేళ్ల కింద పోయాడు. నేను ఫోర్‌మన్‌నయ్యాను. దిగిపోయేరోజు దండ వేసి, శాలువా కప్పి, మల్లేశం చేతిలో పడితే బండి కొత్తదైనట్టే అని మాట్లాడారు.

సత్తార్ మియా ఇంటికి నేను ఇప్పటికీ పోలేదు. పత్తర్‌గట్టిలో ఆయన కూర్చున్న చోట ఇప్పుడు ఎవరో ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. నేను ఆ పక్క ఫుట్‌పాత్ మీద నడవను.

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది కొంచెమే. డ్రైవర్ చెప్పింది అప్పుడే రాయండి, ఆయన ముందరే రాయండి. సమయం లేదంటే బండి ఆపండి, తిట్లు పడండి. తిట్టు నాలుగు దినాలు ఉంటుంది. ఇంత తెలిసీ మీలో చాలామంది చేయరని కూడా నాకు తెలుసు. నాకు ఉస్మాన్ ఉస్తాద్ లాంటివాడు నేర్పాడు, నేను చేయలేదు.

బేగంబజార్

రిటైరైన ఏడాదికి, ఒక రోజు కూర్చుని జరిగిందంతా రెండు పేజీలు రాశాను. స్టీరింగ్, రిజిస్టర్, బోల్టు, అన్నీ. కింద సంతకం పెట్టి మా పాత ఆఫీసుకు తీసుకుపోయాను. అక్కడున్న కొత్త అధికారి చిన్నవాడు, మర్యాద తెలిసినవాడు. కూర్చోబెట్టి మొత్తం చదివాడు.

"పెద్దాయనా, గా ఫైలు ఎప్పుడో మూసేసిండ్రు. బోల్టు లేదు, బండి తుక్కయింది, మీ ఇంజనీర్ సారు లేడు. ఇది తీసుకుంటే మీరే పరేషాన్ అయితరు. ఇంటికి పోండ్రి" అని కాగితాలు మడిచి నా చేతిలో పెట్టాడు. నేను తీసుకున్నాను. ఆయన చెప్పింది నాకు లోలోపల హాయిగా కూడా అనిపించింది. ఆ హాయికి నా మీద నాకే అసహ్యం వేసి, అదే కాగితాలు పట్టుకుని దేవదానాన్ని వెతకడం మొదలుపెట్టాను.

బేగంబజార్‌లో ఒక స్టీలు సామాన్ల గోదాము ముందు వాచ్‌మన్‌గా ఉన్నాడని పాత డ్రైవర్ ఒకాయన చెప్పాడు. మధ్యాహ్నం మూడింటికి వెళ్లాను. హమాలీలు బిందెల కట్టలు మోస్తున్నారు. గోదాము పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. జుట్టు మొత్తం తెల్లబడింది. నన్ను చూడగానే లేచాడు.

"మల్లేశన్నా! ఏంది గిట్లొచ్చినవ్? కూసో, కూసో." తన కుర్చీ నాకు ఇచ్చి, ఒక ఖాళీ డబ్బా తెచ్చుకుని కూర్చున్నాడు. "మంచిగున్నవా? వదిన మంచిగున్నదా?"

చాయ్ చెప్పాడు. ఇద్దరం తాగాం. తర్వాత చెప్పాను. కాగితం చూపించలేదు, నోటితోనే చెప్పాను. సెంటర్ బోల్టు సగం ముందే విరిగి ఉందని, తుప్పు నేను కళ్లారా చూశానని, ఆయన మూడుసార్లు చెప్పింది నాకు బాగా యాదికి ఉండి కూడా లేదన్నానని.

ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టాడు. తన రెండు అరచేతులు ముందు పెట్టుకుని వాటినే చూస్తున్నాడు.

"అంటే బండి గుంజింది నిజమే?"

"నిజమే."

"నేను..." అని ఆగాడు. "పెద్ద పెద్దోళ్లు చూసి బండిల ఏం లేదన్నరు గదా. నువ్వు సుత యాదికి లేదన్నవ్. ఇగ నేనే ఏదో అనుకున్ననేమో, నా చేతులకే తెల్వలేదేమో అనుకున్న. లోపలున్నప్పుడు దినాం గదే సోంచాయించిన. చివరికి ఒప్పుకున్న. నా చేతులే తప్పు జేసినయ్ అని ఒప్పుకున్నంక జర నిద్ర పట్టింది. గప్పటిసంది సైకిల్ సుత నడపలే."

హమాలీ ఒకడు వచ్చి ఏదో అడిగితే లేచి షట్టర్ కొంచెం పైకి ఎత్తి మళ్లీ వచ్చి కూర్చున్నాడు.

"గా బోల్టు ఏడున్నది?"

"పారేసిన."

తల ఊపాడు. కోపం రాలేదు. వస్తే బాగుండుననుకుంటూ కూర్చున్నాను.

"రూతమ్మకు చెప్పాల్సి ఉండె అన్నా." రూతమ్మ ఆయన భార్య. "పోయినేడు పోయింది. ఆఖరి దాకా ఒక్కటే అడుగుతుండె. గా పొద్దు నీ మనసు ఏడుండె, ఏం సోంచాయించుకుంట నడిపినవ్, అని. ఏం జెప్పాలె? రోడ్డు మీదనే ఉండె అంటే నమ్మకపోతుండె. తర్వాత నేను సుత నమ్మకపోతుంటి."

"నీ బిడ్డ ఏడున్నది? నేను పోయి చెప్త. ఎవరికి చెప్పమంటే వాళ్లకు చెప్త."

"ఇప్పుడేం చెప్తవన్నా." డబ్బా మీంచి లేచాడు. "నువ్వు పో. సేటు వచ్చే టైమైంది."

క్షమించానని ఆయన అనలేదు. నేను అడగలేదు. అడిగే ముఖం లేదు.

ఇంటికి వచ్చి రెండు రాత్రులు ఆలోచించి, కాగితాలను కోర్టు దగ్గర ఒక వకీలుకు చూపించాను. దేవదానం వచ్చి సంతకం పెడితే ఏదో ఒక ప్రయత్నం చేయవచ్చునన్నాడు. వారం తర్వాత మళ్లీ బేగంబజార్ పోయాను. గోదాము ముందు ఇంకొకరు కూర్చుని ఉన్నారు. లోపలికి వెళ్లి సేటును అడిగాను.

"దేవదానమా? పోయిండు. పోయిన వారం ఎవరో పాత దోస్తు వచ్చిపోయిండట, తెల్లారే మానేసిండు. తొమ్మిదేళ్లు ఒక్క దినం నాగా చెయ్యలే, మస్తు మంచి మనిషి. ఏమైందయ్యా అంటే, ఇగ కూసోబుద్ధి అయితలేదు సేట్ అన్నడు. గంతే."

చాదర్‌ఘాట్‌లో ఆయన ఉండే గది ఖాళీగా ఉంది. చర్చిలో అడిగితే రెండు ఆదివారాల నుంచి రాలేదన్నారు. బిడ్డ ఇల్లు ఎక్కడో వాళ్లకు తెలియదు.

చెబితే ఆయన బరువు దిగుతుందనుకుని వెళ్లానని అందరికీ చెప్పుకోవచ్చు. నా బరువు దిగుతుందనే వెళ్లాను. అది దిగలేదు. తప్పు తనదేనని ఒప్పుకుని, దాని మీదే ఎట్లాగో కుదురుకుని, ఒక కుర్చీలో తొమ్మిదేళ్లు కూర్చోగలిగిన మనిషిని, మధ్యాహ్నం మూడింటికి వెళ్లి లేపి వచ్చాను.